నిశ్శబ్దమైన దారుల గురించి రాస్తున్న అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

తులూజ్ నుంచి నువ్వు పంపిన యాత్రావ్యాసం అందింది, నింపాదిగా చదివాను. ఓష్ దాకా సైకిలును రైల్లో వేసుకుని వెళ్లి, అక్కడినుంచి లెక్తూర్, లా రొమియూ, కొందోం ఊళ్ల మీదుగా నైరుతి ఫ్రాన్స్‌లోని గాస్కనీ పల్లెల్లో తిరిగిన ఆ జూలై ప్రయాణాన్ని నువ్వు ప్రేమతో రాశావు. ఫ్రాన్స్ అనగానే ఐఫిల్ టవరు దగ్గరే ఆగిపోయే రాతల మధ్య, పటంలో ఏ ప్రత్యేకమైన గుర్తూ లేని పొలాల నడిమి దారిని ఎంచుకున్నందుకే నిన్ను మెచ్చుకోవాలి. మొహమాటం లేకుండా అభిప్రాయం చెప్పమన్నావు గనక చెబుతున్నాను. నీ వ్యాసంలో ప్రశాంతత అన్న మాట దాదాపు ప్రతి పేజీలోనూ కనిపిస్తుంది, కాని ఆ ప్రశాంతత ఆ దారుల మీదికి ఎలా వచ్చిందన్న ప్రశ్న ఒక్కచోట కూడా లేదు. నీకు అక్కడ కలిగిన ప్రతి అనుభూతికీ ఆ నేలలోనో, ఆ ఊళ్ల చరిత్రలోనో ఒక కారణం ఉంది. కారణం జోలికి వెళ్లకుండా అనుభూతిని మాత్రమే రాస్తే, అది ఏ దేశంలోని ఏ దారికైనా సరిపోయే వాక్యం అవుతుంది.

ముందుగా నేల సంగతి చూద్దాం. లెక్తూర్ నుంచి కొందోం వెళ్లేటప్పుడు అలసటే తెలియలేదని, తిరిగి వచ్చేటప్పుడు కాళ్లు మొరాయించాయని రాసి, ఆ తేడాను ఎండ మీదికి నెట్టేశావు. ఎండకు కొంత భాగం ఉండవచ్చు, కాని అసలు సంగతి వేరు. నువ్వు తిరిగిన ఆ ఊళ్లున్న జెర్స్ డిపార్ట్‌మెంట్‌లోని (డిపార్ట్‌మెంట్ అంటే మన జిల్లా లాంటిది) నదులు చాలామటుకు పిరనీస్ పర్వతాల పాదాల దగ్గరున్న లాన్‌మెజాన్ పీఠభూమి మీద పుట్టి, విసనకర్ర పుల్లల్లా విడివడి, ఉత్తరంగా గారోన్ నది వైపు సాగుతాయి. బాయిజ్, జెర్స్, జిమోన్, సావ్ నదుల లోయలన్నీ ఆ తీరువే. కాబట్టి ఏటి వెంట ఉత్తర దక్షిణాలుగా తొక్కేవాడికి దారి చదునుగా ఉంటుంది, తూర్పు పడమరలుగా వెళ్లేవాడికి లోయ తరవాత గట్టు, గట్టు తరవాత లోయ వస్తూనే ఉంటాయి. అంతేకాదు, ఆ లోయలకు రెండు పక్కలా ఒకే వాలు ఉండదు. సాధారణంగా నదికి ఎడమ గట్టున వాలు పొడుగ్గా, మెత్తగా ఉంటుంది, కుడి గట్టున పొట్టిగా, నిటారుగా ఉంటుంది. నువ్వు పడమరకు వెళ్లినప్పుడు నిటారు వాలుల మీద దిగి మెత్తటి వాలుల మీద ఎక్కావు. తిరుగు ప్రయాణంలో అదే వరస తలకిందులైంది. లెక్తూర్ కొండ దిగి, జెర్స్ నది దాటి, లా రొమియూ వైపు తీరిగ్గా ఎక్కిన ఆ పొద్దును ఈ ఎరుకతో మళ్లీ రాసి చూడు. నీ మోకాళ్లకు తెలిసిన భూగోళం నీ వాక్యాల్లోకి కూడా వస్తుంది.

పొద్దుతిరుగుడు తోటల దగ్గర ఇంకో పొరపాటు ఉంది. పూలన్నీ రోజంతా సూర్యుడితో పాటు తల తిప్పుతూ నీకు తోడు వచ్చాయని రాశావు. లేత మొక్కలే అలా తిరుగుతాయి. పువ్వు పూర్తిగా విచ్చుకున్నాక కాడ గట్టిపడి, మొహం తూర్పు వైపు నిలిచిపోతుంది. జూలైలో నువ్వు చూసినవన్నీ అలా నిలిచిపోయిన పూలే. కర్నూలు ప్రాంతపు చేలల్లో ఈ పంటను ఎరిగిన పాఠకుడు నీ వాక్యాన్ని అక్కడే పట్టుకుంటాడు, పట్టుకున్నాక తక్కిన వ్యాసాన్ని కూడా అనుమానంతోనే చదువుతాడు. పైగా నిజం నీ ఊహ కన్నా అందంగా ఉంది. పడమరకు వెళ్తున్నంతసేపూ ఆ చేలన్నీ నీకు ఎదురుగా మొహం పెట్టుకుని ఉన్నాయి, తిరిగి వస్తుంటే అవే చేలు ఆకుపచ్చటి వీపులు చూపించాయి. వెళ్లిన దారినే వెనక్కి వచ్చినా అది మరో దారిలా అనిపించిందని నువ్వే రాసుకున్నావు. ఎందుకు అనిపించిందో ఆ పూలు చెబుతున్నాయి.

ఇక రోడ్డు దగ్గరికి వద్దాం. నా మనసు ఎక్కువగా ఉన్నది ఇక్కడే. ఫ్రాన్స్‌లో రోడ్ల నిడివి పది లక్షల కిలోమీటర్లు దాటుతుంది, అందులో సగానికి మించి ఊరి పాలకమండళ్ల కింద ఉండే చిన్న దారులే. మిషెలిన్ పటాల మీద సన్నటి తెల్లగీతలుగా కనిపించేవి ఇవే. పటం తయారుచేసినవాళ్లు చూడదగ్గ దారుల పక్కన ఆకుపచ్చ గీత వేస్తారు, నువ్వు ఆ పచ్చగీతలను వదిలి ఉత్త తెల్లగీతలు పట్టుకుని వెళ్లావు, చాలా మంచి పని చేశావు. అయితే మూడిళ్ల పల్లెకు కూడా తారురోడ్డు ఎందుకుందో నువ్వు అడగలేదు. 1836 మే 21 నాటి చట్టం ఊళ్ల మధ్య దారుల బాధ్యతను ఆయా ఊళ్ల మీదే పెట్టింది. డబ్బు కట్టలేని రైతు ఏడాదికి మూడు రోజుల దాకా తన ఒంటితో, తన బండీ ఎడ్లతో ఆ దారి పని చేసి బాకీ తీర్చుకోవచ్చు. అంటే నీ టైరు సాఫీగా దొర్లిన ఆ వంపుల్లో చాలావాటికి అడుగున ఆ ఊరి రైతులు పరిచిన కంకర ఉంది. గోధుమను, ద్రాక్షసారాను సంతకు చేర్చుకోవడానికి వాళ్లు ఆ దారులు వేసుకున్నారు. తరవాతి తరాల్లో వాళ్ల పిల్లలు అవే దారుల మీద తులూజ్‌కూ బోర్దోకూ పారిస్‌కూ వెళ్లిపోయారు.

నీకు దొరికిన నిశ్శబ్దం అలా వెళ్లిపోయినవాళ్లు వదిలి వెళ్లిందే. 1846 ప్రాంతంలో జెర్స్ జనాభా మూడు లక్షలు దాటి ఉండేది, ఇప్పుడు రెండు లక్షలకు లోపే. చదరపు కిలోమీటరుకు దాదాపు 30 మంది. ఆ కొద్దిమందే దాదాపు 460 కమ్యూన్లలో, అంటే మన పంచాయతీల్లాంటి ఊళ్లలో, చెదిరి ఉన్నారు, ప్రతి కమ్యూన్‌కూ ఒక మేయరు, ఒక కార్యాలయం, చాలాచోట్ల వాటి ఎదుటే ఒక రాతి స్తంభం. ఆ స్తంభాల పక్కన సైకిలు ఆనించి ఫొటో తీసుకున్నావు గాని, వాటి మీద చెక్కిన పేర్లు చదివినట్టు లేదు. మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్స్ దాదాపు 14 లక్షల మంది సైనికులను పోగొట్టుకుంది, వాళ్లలో ఎంతోమంది రైతుబిడ్డలు. చిన్న పల్లె స్తంభం మీద ఒకే ఇంటిపేరు వరసగా రెండుసార్లు, మూడుసార్లు కనిపిస్తే అక్కడ ఆగి, ఆ వరసను ఉన్నదున్నట్టు నోటుపుస్తకంలో ఎక్కించుకో. దాని మీద వ్యాఖ్యానం చెయ్యవద్దు, పాఠకుడికి అదే చాలు.

ఖాళీ అయిన పొలాలు ఖాళీగానే మిగిలిపోయాయని మాత్రం అనుకోకు. 1920ల్లో ఇటలీ ఉత్తర ప్రాంతాల నుంచి రైతు కుటుంబాలు వచ్చి ఈ బీళ్లను మళ్లీ దున్నాయి. 1962లో అల్జీరియా స్వతంత్రమయ్యాక అక్కడినుంచి తరలివచ్చినవాళ్లలో కొందరు ఇదే నైరుతి ఫ్రాన్స్‌లో సేద్యం మొదలుపెట్టారు. దారి పక్కన టపాపెట్టెల మీద పేర్లు చదువుకుంటూ వెళ్తే, గాస్కన్ పేరు పక్కన ఇటాలియన్ పేరు కనబడుతుంది. అవి ఆ ఇళ్లలో ఉంటున్నవాళ్ల పేర్లు కాబట్టి వ్యాసంలో పెట్టవద్దు, వాటి కలయికను మాత్రం చెప్పు. దేశం కాని దేశంలో ఉంటూ రాస్తున్న నీకు, వలస వచ్చినవాళ్లు నిలబెట్టిన పల్లెటూరు కంటికి ఆనకపోవడం నన్ను కొంచెం ఆశ్చర్యపరిచింది. ఆ తరవాత యంత్రాలు వచ్చాయి, కమతాలు పెద్దవయ్యాయి. 1988లో దేశం మొత్తం మీద దాదాపు పది లక్షలున్న వ్యవసాయ కమతాలు 2020 లెక్కల నాటికి నాలుగు లక్షల లోపుకు దిగాయి. నువ్వు చూసిన గోధుమచేను అంత విశాలంగా, గట్టులేవీ కనపడకుండా ఉండటానికీ, దానిలో ఒక్క మనిషీ లేకపోవడానికీ కారణం ఒకటే.

ఎక్కడా చప్పుడు లేదన్న నీ వాక్యాన్ని కొట్టెయ్యమని కోరుతున్నాను. జూలైలో ఆ పొలాలు నిశ్శబ్దంగా ఉండవు. మొక్కజొన్నకు నీళ్లు విసిరే యంత్రం ఒక లయలో టకటకలాడుతుంది, కోతయంత్రం గట్టు అవతల ఎక్కడో మూలుగుతుంటుంది, బాతుల షెడ్ల దగ్గర కలకలం ముందు వినిపించి వాసన తరవాత వస్తుంది, మధ్యాహ్నం పన్నెండింటికి చర్చి గంటలు మోగుతాయి. నీ టైరు కింద తారు కూడా ఒకటే మాట మాట్లాడదు. తారు మీద గులకరాళ్లు చల్లి అణిచిన ఊరి దారుల మీద అది బరబరమంటుంది, డిపార్ట్‌మెంట్ వారి నున్నటి రోడ్డెక్కగానే గొంతు తగ్గిస్తుంది. వాహనాలే లేవన్న మాట కూడా అంతే. పసుపుపచ్చ టపావ్యాను వస్తుంది, ట్రాక్టరు వస్తుంది, ఊరి బయట సైకిలును దాటే వాహనం మీటరున్నర ఎడం ఇవ్వాలన్న నియమాన్ని పాటిస్తూ ఏ కారో అవతలి పక్కకు జరిగి నెమ్మదిగా వెళ్తుంది. గంటకు రెండో మూడో వచ్చే ఆ బళ్లను చూపిస్తేనే, మధ్యలో ఉన్న ఖాళీ ఎంతో పాఠకుడికి తెలుస్తుంది.

షెడ్ల ప్రస్తావన వచ్చింది కాబట్టి ఇంకొక మాట. నువ్వు అందంగా ఉన్నవాటినే ఏరుకున్నావు. లా రొమియూ చర్చి బురుజులకు ఒక పేజీ ఇచ్చావు, ఊరి రాతి పిల్లుల కథకు మరో పేజీ ఇచ్చావు. ధాన్యం నిలవచేసే సహకార సంఘాల కాంక్రీటు గోదాములకూ, నీటి కుంటల చుట్టూ పరిచిన నల్లటి ప్లాస్టిక్ పట్టాలకూ, మూతపడిన కాఫీకొట్టుకూ ఒక్క వాక్యం కూడా ఇవ్వలేదు. పండించే పల్లె అలాగే ఉంటుంది. వాటిని తీసేస్తే మిగిలేది యాత్రికుల కరపత్రం. ఆ పని నీ అంత మంచి కలం చెయ్యనక్కర్లేదు.

నీ వ్యాసంలో అంకెలు కూడా ఉన్నాయి, అయితే అవి సగటు వేగం, ఎక్కిన మీటర్లు, గుండె వేగం. వాటిని పూర్తిగా తీసెయ్యి. ఫ్రాన్స్‌లోని సెంతెత్యెన్ నగరంలో వెలోసియో అన్న పేరుతో ప్రసిద్ధుడైన పాల్ ద వివీ 1887లో సైకిలు పత్రిక మొదలుపెట్టి, 1930లో చనిపోయేదాకా సైకిలు యాత్రల గురించి రాస్తూనే వచ్చాడు. ఆయన యాత్రికులకు చెప్పిన నియమాల్లో అహం కోసం తొక్కవద్దన్నది ఒకటి. తొక్కడానికే కాదు, ఆ మాట రాయడానికి కూడా సరిపోతుందని నా నమ్మకం. నీ వేగం నీ సంగతి చెబుతుంది, నీ పాఠకుడు తెలుసుకోవాలనుకుంటున్నది జెర్స్ సంగతి.

అలాగే మా ఊరి చెరువుగట్టు గుర్తొచ్చింది, మా తాతగారి కళ్లం గుర్తొచ్చింది అని పదేపదే రాశావు. ఒక్కదాన్ని ఉంచుకో, నిజంగా మనసును పట్టుకున్నదాన్ని. తక్కినచోట్ల గాస్కనీని గాస్కనీగానే ఉండనివ్వు. నీ తరవాత అక్కడికి వెళ్లబోయే మనవాళ్లకు పనికొచ్చే సంగతులు మాత్రం నువ్వు అనుకున్నదానికన్నా ముఖ్యమైనవి. మధ్యాహ్నం పన్నెండు దాటితే చిన్న ఊళ్లలో కొట్లు మూసేస్తారని, ఆదివారం సాయంత్రమూ సోమవారమూ రొట్టె దొరకడం కష్టమని, సీసా నింపుకోవడానికి శ్మశానం దగ్గర కొళాయి ఉంటుందని, తాగకూడదన్న బోర్డు ఉందేమో చూసుకోవాలని రాయి. ఇవి కూడా ఆ పల్లె జీవితాన్నే చెబుతాయి, ఎందుకంటే కొట్టు లేని ఊళ్లో కూడా శ్మశానం ఉంది.

వీలైతే అక్టోబరులో ఒకసారి మళ్లీ వెళ్లు. పొద్దుతిరుగుడు కోసేసి ఉంటారు, మొక్కజొన్న కోతలు సాగుతూ గింజలు ఎండబెట్టే యంత్రాలు మోగుతుంటాయి, మబ్బులేని రోజున గట్టు మీది దారుల నుంచి పిరనీస్ శిఖరాలు కనబడవచ్చు. అప్పుడు ఏదైనా ఊరి కార్యాలయం తెరిచి ఉన్న పూట చూసుకుని లోపలికి వెళ్లి, ఆ ఊళ్లో బడి ఎప్పటిదాకా నడిచిందో అడుగు. నీ ఫ్రెంచి అందుకు సరిపోతుంది. తిరగరాసిన ప్రతిని పంపేటప్పుడు నువ్వు వెళ్లిన దారిని పెన్సిలుతో గీసిన పటం కూడా జతచెయ్యి. మూడో పేజీలో బాయిజ్ నది దాటాక నువ్వు దక్షిణానికి తిరిగిన కూడలి ఎక్కడుందో నాకు ఇంకా అర్థం కాలేదు.

శుభాశీస్సులతో.