ఎంఎస్‌డబ్ల్యూ (మాస్టర్ ఆఫ్ సోషల్ వర్క్, సామాజిక సేవా వృత్తిలో పీజీ) చేయాలంటే ముందు బీఎస్‌డబ్ల్యూ (అదే సబ్జెక్టులో డిగ్రీ) చదివి ఉండాలా?

అక్కర్లేదు, మన దేశంలో చాలా యూనివర్సిటీలు ఏ డిగ్రీ పాసైనవాళ్లనైనా ఎంఎస్‌డబ్ల్యూలో చేర్చుకుంటాయి. బీఎస్‌డబ్ల్యూ ఉన్న కాలేజీలే తక్కువ. అందుకే ఈ రెండేళ్ల కోర్సును మొదటి నుంచీ నేర్పేలా తయారుచేశారు: ఒక్కో మనిషితో, బృందంతో, బస్తీతో ఎలా పనిచేయాలన్నది అందులోనే చెబుతారు. క్లాసులతో పాటు ఫీల్డ్‌వర్క్ కూడా తప్పనిసరి, అసలు చదువు అక్కడే.

ఉదాహరణకు, బీకాం చదివి చేరిన విద్యార్థిని ఆసుపత్రికి పంపారనుకోండి. రోగి కుటుంబంతో మాట్లాడటం, ఆరోగ్యశ్రీ లాంటి పథకానికి దారి చూపడం, డిశ్చార్జి తర్వాత ఇంట్లో ఎవరు చూసుకుంటారో తెలుసుకోవడం అక్కడ నేర్చుకుంటాడు.

చాలామంది ఎంఎస్‌డబ్ల్యూను ఎంఏ సోషియాలజీతో కలిపేస్తారు. సోషియాలజీ సమాజాన్ని అధ్యయనం చేసే శాస్త్రం; ఇది మనుషుల మధ్య పనిచేయడానికి ఇచ్చే వృత్తి శిక్షణ. ఉచిత సేవ అనుకోవడమూ పొరపాటే, ఇది జీతం వచ్చే ఉద్యోగం.