మీ ప్రశ్న - మా జవాబు: ట్యాక్స్ కట్టేది నేనొక్కడినేనా?

ప్రశ్న: సార్, నేను ప్రైవేట్ ఉద్యోగిని. ప్రతి నెలా పేస్లిప్ చూసుకుంటే ట్యాక్స్ లైన్ దగ్గరికొచ్చేసరికి కడుపు మండిపోతుంది. డబ్బు చేతికి రాకముందే కట్ అయిపోతోంది, నన్ను అడిగినవాడు లేడు. ఇంత కట్టాక కూడా పిల్లల చదువుకీ హాస్పిటల్‌కీ మళ్ళీ జేబులోంచే తీస్తున్నా. పైసా ట్యాక్స్ కట్టనివాళ్ళకేమో అన్నీ ఫ్రీ. ఇది సమాజానికి మన వంతు అని అందరూ నీతులు చెప్తారు గానీ నాకైతే కష్టపడినందుకు వేసిన జరిమానాలా ఉంది. మీరేమంటారు?

జవాబు: భారమే అండి, ఒప్పుకోడానికి మొహమాటం ఎందుకు. కట్టకపోతే నోటీసు పంపి ముక్కు పిండి వసూలు చేసేదాన్ని అందరూ నవ్వుతూ ఇవ్వాలనుకోవడం అత్యాశ. అలాగని భారం కాబట్టి అన్యాయం అనేస్తే మాత్రం నేను ఒప్పుకోను. ఎవరి నెత్తిన ఎంత పడుతోంది, బదులుగా ఏం వస్తోంది, ఈ రెండూ చూడకుండా అటో ఇటో తేల్చేయలేం.

చేతికి రాకముందే కట్ అవుతోందన్నారు కదా, ఆ పద్ధతి చాలా దేశాల్లో రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో గట్టిపడింది. అమెరికాలో అంతకుముందు చాలామంది ఈ ఏడాది ఆదాయానికి ట్యాక్స్ వచ్చే ఏడాది కట్టేవాళ్ళు, యుద్ధం ఖర్చుకి మామూలు జీతగాళ్ళని కూడా లెక్కలోకి లాగాక అన్ని లక్షల మంది దగ్గర ఒకేసారి వసూలు చేయడం అయ్యే పని కాదని 1943లో జీతంలోనే కోసేయడం మొదలుపెట్టారు, బ్రిటన్‌లో 1944లో. ప్రభుత్వానికి హాయి. మీకు కూడా ఒక మేలుంది, ఎంత పోతోందో పేస్లిప్‌లో కనబడుతోంది. కనబడుతోంది కాబట్టే మండుతోంది!

కనబడకుండా పోయే ట్యాక్స్ ఇంకోటి ఉంది. మీరు "పైసా కట్టనివాళ్ళు" అన్నారే, అలాంటివాళ్ళు ఉన్నారంటే నేను నమ్మను. సబ్బు కొన్నా ఫోన్ రీఛార్జ్ చేయించుకున్నా బిల్లులో ట్యాక్స్ కలిసే ఉంటుంది. ఒక్కో దశలో పెరిగిన విలువ మీద పన్ను వేసే వ్యాట్ పద్ధతిని ఫ్రాన్స్‌లో మారిస్ లోరే అనే ట్యాక్స్ ఆఫీసర్ తయారుచేస్తే 1954లో అమల్లోకి వచ్చింది, ఇప్పుడు ఏదో ఒక రూపంలో 160కి పైగా దేశాల్లో ఉంది.

ఇందులో పేదవాడికి పడే దెబ్బ చూడండి. వస్తువుల మీద 10 శాతం పన్ను అనుకుందాం. నెలకి 100 వచ్చేవాడు మిగుల్చుకునేదేం ఉండదు, మొత్తం ఖర్చైపోతుంది, అందులో దాదాపు 9 ట్యాక్స్. నెలకి 1000 వచ్చే ఆయన 400 ఖర్చుపెట్టి మిగతాది దాచుకున్నాడు, ఆయన కట్టింది సుమారు 36. అంకె చూస్తే పెద్దాయనే ఎక్కువ కట్టాడు, కానీ వచ్చిన ప్రతి 100కీ చూస్తే 4 కూడా పడలేదు. అంటే పేస్లిప్ లేనివాడు ట్యాక్స్ కట్టట్లేదని కాదు, ఎంత కడుతున్నాడో వాడికే తెలియట్లేదు అంతే.

అందరికీ సమానంగా వేస్తే గొడవ ఉండదు కదా అని కొందరంటారు. బ్రిటన్‌లో ఆ ముచ్చటా తీరింది. అప్పటి ప్రధాని మార్గరెట్ థాచర్ ప్రభుత్వం ఇళ్ళ విలువని బట్టి వేసే స్థానిక పన్ను తీసేసి తలకింత అని పెట్టింది, 1989లో స్కాట్లాండ్‌లో, 1990లో ఇంగ్లాండ్, వేల్స్‌లో. బాగా పేదవాళ్ళకి కొంత తగ్గింపు ఇచ్చారు గానీ మిగతావాళ్ళలో ఒకే ఊళ్ళో బంగళా ఉన్నాయనకీ అద్దెగదిలో ఉండేవాడికీ ఒకటే రేటు. 1990 మార్చి 31న లండన్‌లో పెద్ద అల్లర్లయ్యాయి, చాలామంది మేం కట్టం అని మొండికేశారు, ఆ నవంబర్‌లో థాచర్ దిగిపోవడానికి ఉన్న కారణాల్లో ఇదీ ఒకటి. 1993కల్లా ఆ పన్ను ఎత్తేసి మళ్ళీ ఇంటి విలువ దగ్గరికే వచ్చారు. సమానం వేరు, న్యాయం వేరు అని అంత ఖర్చుపెట్టి తెలుసుకున్నారన్నమాట.

ఇంక మీ అసలు బాధ, కట్టీ మళ్ళీ జేబులోంచి పెట్టుకోవడం. ఇందులో మాత్రం పూర్తిగా మీ పక్షమే. డెన్మార్క్‌లో అన్ని పన్నులూ కలిపితే దేశ ఆదాయంలో 40 శాతం దాటతాయి, కొనేవాటి మీద వ్యాట్ రేటే 25 శాతం, పైవాళ్ళ మీదే కాదు అందరి మీదా గట్టిగానే పడుతుంది. అయితే అక్కడివాళ్ళకి ప్రభుత్వ హాస్పిటల్‌లో ఆపరేషన్ అయితే బిల్లు రాదు, యూనివర్సిటీలో ఫీజు ఉండదు. అక్కడ కూడా సణిగేవాళ్ళు ఉంటారు లెండి, కానీ ఒకే పనికి రెండుసార్లు కట్టామన్న మంట వాళ్ళకి తక్కువ. కాబట్టి ట్యాక్స్ ఎందుకు అని కాదు, నా డబ్బుతో హాస్పిటల్ ఎందుకు నడవట్లేదు అని నిలదీయండి. పక్కవాడికి ఫ్రీగా వచ్చినదాని మీద పడితే కోపం చల్లారుతుందేమో గానీ మీ ఫీజులేం తగ్గవు.

ప్రశ్న: నాకు ఇంక్రిమెంట్ వచ్చేలా ఉంది. దాంతో పై స్లాబ్‌లోకి వెళ్తాను, అప్పుడు మొత్తం జీతం మీద ఎక్కువ రేటు పడి చేతికి ఇప్పటికన్నా తక్కువ వస్తుంది, వద్దని చెప్పెయ్ అంటున్నారు ఫ్రెండ్స్. నిజమేనా అన్నా?

జవాబు: వద్దని మాత్రం చెప్పకమ్మా! మామూలుగా స్లాబులు ఉన్నచోట పై రేటు గీత దాటిన ముక్క మీదే పడుతుంది. గీత 1000 దగ్గర ఉంది, కింద 10 శాతం, పైన 20 శాతం అనుకో. నీకు 1100 వస్తే ఆ చివరి 100 మీదే 20 శాతం, మిగతా 1000కి పాత రేటే. మొత్తం ట్యాక్స్ 120, చేతికి 980. ఇంతకుముందు 1000 వచ్చినప్పుడు చేతికొచ్చింది 900. ఏదైనా రాయితీ ఫలానా ఆదాయం దాటితే మొత్తం పోతుందని రూలుంటే అప్పుడు నష్టం రావచ్చు, అదొక్కటీ మీ అకౌంట్స్ వాళ్ళని అడుగు.

నీ ఫ్రెండ్స్ భయం ఉత్తిదేమీ కాదు, అలాంటి పన్ను నిజంగానే ఉండేది. ఇంగ్లాండ్‌లో 1696 నుంచి 1851 దాకా కిటికీల మీద పన్ను వేశారు. 1747లో మార్చిన రేట్ల ప్రకారం ఇంటికి 10 నుంచి 14 కిటికీలు ఉంటే కిటికీకి 6 పెన్నీలు, అది కూడా పదో కిటికీకి మాత్రమే కాదు, మొదటిదాంతో సహా అన్నిటికీ! దాంతో జనం 9 దగ్గర ఆగిపోయారు, ఉన్న కిటికీలకి ఇటుకలు పేర్చి మూసేశారు. ఊళ్ళలో పెద్ద పెద్ద అద్దె బిల్డింగుల్లో కట్టాల్సింది ఓనరే, ఆయన పన్ను తప్పించుకోడానికి కిటికీలు మూయించేస్తే గాలీ వెలుతురూ లేని గదుల్లో మగ్గింది అద్దెకున్న పేదవాళ్ళు. రసీదు మీద పేరు ఒకరిది, బాధ ఇంకొకరిది. ఇంక్రిమెంట్ తీసుకో, పార్టీ మాత్రం ఆ ఫ్రెండ్స్‌కి ఇవ్వకు.

ప్రశ్న: కోట్లున్నవాళ్ళు ఎగ్గొట్టి తిరుగుతుంటే మేమెందుకు కట్టాలండీ?

జవాబు: మీరు మానేస్తే వాళ్ళకి పోయేదేం లేదు, ఆ లోటు ఏ సబ్బు మీదో పడుతుంది. మీ కోపం మాత్రం న్యాయమే. 2016లో పనామా దేశంలోని ఒక లా కంపెనీ నుంచి బయటపడ్డ పనామా పేపర్లు కోటి పైచిలుకు డాక్యుమెంట్లు, డబ్బున్నవాళ్ళు పరాయి దేశాల్లో కంపెనీలు పెట్టి ఆస్తులెలా దాచుకుంటారో అందులో తెలిసింది. అందులో కొన్ని చట్టవిరుద్ధం, చాలావరకు చట్టంలో సందు చూసుకుని చేసినవే, నాకు ఆ రెండోదే ఎక్కువ చిరాకు. పెద్ద కంపెనీలు ఎక్కడున్నా కనీసం 15 శాతం కట్టాలని 2021లో 130కి పైగా దేశాలు ఒప్పుకున్నాయి, 2025 జనవరిలో అమెరికా అది మాకు వర్తించదు అనేసింది. నార్వేది ఇంకో దారి, ఎవరి ఆదాయమెంత, ఎంత ట్యాక్స్ కట్టారు అన్నది అక్కడ ఎవరైనా చూడొచ్చు. 2014 నుంచి మాత్రం ఎవరు చూశారో అవతలివాళ్ళకి తెలిసిపోయేలా మార్చారు, దాంతో పక్కింటాయన లెక్క చూసేవాళ్ళు ఒక్కసారిగా తగ్గిపోయారు.