చివరి మలుపు గురించి ఒక ఉత్తరం

విజయనగరం

చి. అమ్మాయికి ఆశీస్సులు.

మీ డ్రిల్ మాస్టారి జీవితం రాయబూని నువ్వు పంపిన మూడు అధ్యాయాలూ రెండేసిసార్లు చదివాను. చూసినదాన్ని చూసినట్టు చెప్పే గుణం నీ వాక్యానికి ఉంది. అందుకే మొహమాటం లేకుండా రాస్తున్నాను.

సిడ్నీలో 2000 సెప్టెంబరులో కరణం మల్లేశ్వరి మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచిన ఘట్టంతో నీ మొదటి అధ్యాయం ఆరంభమవుతుంది. ఒలింపిక్ పతకం తెచ్చిన తొలి భారతీయ మహిళ మన ఆమదాలవలస ప్రాంతపు ఆడపడుచు కావడం నాకూ గర్వమే. అయినా ఆ పేజీలు తీసెయ్యమని చెబుతున్నాను. రాష్ట్ర స్థాయి దాటని ఒక అథ్లెట్ కథను ఒలింపిక్ పతకం పక్కన నిలబెట్టి మొదలుపెడితే, చదివేవారు చివరిదాకా ఆయనను ఆ పతకంతోనే తూస్తారు. ఆయన తూకం వేరు.

మూడో అధ్యాయంలో ఆయన ఓడిన 800 మీటర్ల ఫైనల్‌ను “మెరుపులా దూసుకుపోయినా వెంట్రుకవాసిలో పతకం చేజారింది” అన్న ఒక్క వాక్యంతో దాటేశావు. ఆ పందెంలో మెరుపుకు చోటు లేదమ్మా. అది 400 మీటర్ల ట్రాక్ మీద రెండు ల్యాపులు. మొదటి మలుపు దాటేదాకా ఎవరి లేన్‌లో వారు పరుగెత్తి, ఆ తరువాత అందరూ లోపలి గీత కోసం ఒక్కచోటికి ఒరుసుకుంటూ వస్తారు. అక్కడ భుజాలు తగులుతాయి, వెనకవాడి స్పైక్స్, అంటే మేకుల బూట్లు, మడమను గీరుతాయి, లోపల చిక్కుకున్నవాడికి దారి మూసుకుపోతుంది, బయటి నుంచి దాటబోయేవాడికి దూరం పెరుగుతుంది. లేన్ వెడల్పు 1.22 మీటర్లు కనుక, ఒక్క మలుపంతా రెండో లేన్‌లో తిరిగినవాడు సుమారు 3.8 మీటర్లు ఎక్కువ పరుగెత్తినట్టు. ఆయన వెనకబడింది ఒక్క అడుగని నువ్వే రాశావు. మరి చివరి మలుపులో ఆయన ఏ లేన్‌లో ఉన్నారు? లోపల దారి దొరుకుతుందని ఆగారా, ఆగలేక బయటికి వచ్చారా? అడిగితే ఆయన కాసేపు మాట్లాడకపోవచ్చు. తొందరపెట్టకు, పక్కనే కూర్చో.

పతకం రాని పందెం గురించి అన్ని పేజీలా అని సంకోచించవద్దు. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్ 800 మీటర్ల ఫైనల్‌లో మన శ్రీరామ్ సింగ్ మొదటి ల్యాపు అందరికంటె ముందుండి పరుగెత్తి, చివరికి ఏడో స్థానంలో నిలిచాడు. ఆనాటి ఆయన సమయం 1 నిమిషం 45.77 సెకన్లు. 2018లో జిన్సన్ జాన్సన్ చెరిపేదాకా, అంటే 42 ఏళ్లు, అదే జాతీయ రికార్డు.

అంకెల విషయంలో నేను చేసిన తప్పు నువ్వు చేయకూడదని ఇది చెబుతున్నాను. చాలా ఏళ్ల కిందట ఒక పెద్దాయన గురించి రాస్తూ, చేతితో నొక్కే స్టాప్‌వాచ్‌తో తీసిన ఆయన 400 మీటర్ల సమయాన్ని విద్యుత్ యంత్రంతో తీసిన మరొకరి సమయం పక్కన పెట్టి, ఈయనే వేగం అని తేల్చేశాను. తుపాకి పొగ కనిపించి వేలు స్టాప్‌వాచ్‌ను నొక్కేలోగా కొంత కాలం జారిపోతుంది కనుక చేతి సమయం ఎప్పుడూ కాస్త తక్కువే చూపుతుంది. 400 మీటర్లలో ఆ తేడాను 0.14 సెకన్లుగా లెక్కవేస్తారు. విషయం తెలిసిన నలుగురు ఆ పెద్దాయన ముందే నా వ్యాసాన్ని తప్పుపట్టారు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు, కాని ఆ తరువాత తన పరుగు గురించి నాతో మళ్లీ మాట్లాడలేదు. ఆ బాధ ఇప్పటికీ నాలో ఉంది. అందుచేత ఏ అంకె రాసినా, అది ఏ గడియారంతో తీసిందో దాని పక్కనే రాయి.

శిక్షణ గురించిన అధ్యాయంలో “ఎందరినో తీర్చిదిద్దారు” అన్న మాట మూడు చోట్ల కనిపించింది. ఎలా తీర్చిదిద్దారన్నది ఒక్క చోటా లేదు. 400 మీటర్ల ట్రాక్ పట్టని బడి మైదానంలో తాడు పట్టి, సున్నంతో 200 మీటర్ల చుట్టు గీసి, వాన కడిగేసినప్పుడల్లా మళ్లీ గీసిన మనిషి ఆయన. ఒక్క జత స్పైక్స్‌ను పిల్లలు వంతులవారీగా తొడుక్కున్న సంగతి నీ నోట్సులో ఉంది, అధ్యాయంలోకి మాత్రం రాలేదు. పిల్ల అలసిందని ఆయన గడియారం చూసి గ్రహిస్తారా, లేక భుజాలు చెవుల వైపు లేవడం, పిడికిళ్లు బిగుసుకోవడం చూసి గ్రహిస్తారా? పోలీసు, సైన్యం ఎంపికల కోసం తెల్లవారుజామున వచ్చే కుర్రాళ్లకు 1,600 మీటర్లంటే 400 మీటర్ల ట్రాక్ మీద నాలుగు ల్యాపులని, మొదటిదానిలోనే ఉరికితే మూడోదానిలో కాళ్లు బరువెక్కుతాయని ఎన్నిసార్లు చెబుతారు? చివరి మలుపులో ఎక్కడ ఉండాలో నేర్పేటప్పుడు ఆయన గొంతు మారుతుందేమో గమనించు. మారితే, ఓడిన పందేనికీ ఈ మైదానానికీ ఉన్న సంబంధం నువ్వు విడిగా వివరించనక్కరలేదు.

సేవ అన్న శీర్షిక కింద సన్మాన పత్రాల భాష చేరింది, దాన్ని పూర్తిగా వదిలెయ్యి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసినప్పుడు మాస్టారు తన పిల్లలను వెంటబెట్టుకుని వెళ్లారని రాశావు. ఏ ఊరికి వెళ్లారు, దారికి అడ్డంగా పడిన చెట్లను దేనితో నరికారు, నీళ్ల బిందెలు ఎంత దూరం మోశారు, రాత్రి ఎక్కడ పడుకున్నారు అన్నవి ఆ పిల్లలనే వేరువేరుగా అడుగు. వారిలో ఇద్దరి మాటలు పొసగకపోతే రెండూ రాయి. ఆ చెట్లను ఏళ్ల తరబడి పెంచిన రైతును కూడా కలుసుకో. సాయం అందుకున్నవారి గొంతు లేకుండా సాయం చేసినవారి కథ రాయడం నాకు న్యాయంగా తోచదు.

రథసప్తమికి అరసవల్లి వస్తున్నాను. ఆ రద్దీ తగ్గాక రెండు రోజులు శ్రీకాకుళంలోనే ఉంటాను. వీలైతే ఒక ఉదయం ఐదింటికి నన్ను మీ మాస్టారి మైదానానికి తీసుకువెళ్లు. ఈలోగా మిగతా అధ్యాయాల జోలికి పోకుండా, ఆ ఫైనల్ రెండో ల్యాపును మాత్రం మళ్లీ రాసి పంపు.

ఆశీస్సులతో,
మీ పెద్దాయన