సరస్సులో కలిశాక కూడా ఏరు ఆగదు

పాఠకుల ప్రశ్నలకు ఆత్మకూరులో నివసిస్తున్న విశ్రాంత మత్స్యశాఖ ఉద్యోగి సమాధానాలు

ప్రశ్న: నేను కావలిలో ఉండే విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి. చిన్నప్పుడు పెన్నలో ఈత నేర్చుకున్నాను. గాలం వేయడం ఇప్పటికీ నాకు ఇష్టమైన కాలక్షేపం. మా అమ్మాయి న్యూజిలాండ్‌లో ఉంటోంది. అల్లుడు ఈ మధ్య చిన్న మోటారు పడవ కొన్నాడు. జూన్‌లో మేము వెళ్లినప్పుడు టౌపో సరస్సులో ట్రౌట్ చేపలు పట్టాలని అనుకుంటున్నాం. ఆ నీళ్లు మా ఇద్దరికీ కొత్త. ఏమేమి చూసుకోవాలి? — కావలి పాఠకుడు

జవాబు: మాస్టారూ, మా అబ్బాయి కూడా ఆ దేశంలోనే పనిచేస్తున్నాడు. వాడితో కలిసి ఆ సరస్సు మీద తిరిగాను కాబట్టి కళ్లతో చూసిందే రాస్తున్నాను. ఏటి నీటితో నిండే ఏ సరస్సుకు వెళ్లినా నేను ముందుగా రెండు సంగతులు కనుక్కుంటాను. ఏరు ఎక్కడ లోపలికి వస్తోంది? ఎక్కడ బయటికి పోతోంది? నీళ్లు నిలిచినట్టు కనబడినా లోపల ఏరు నడుస్తూనే ఉంటుంది. చేప ఎక్కడుంటుందో చెప్పేది ఆ ఏరే, పడవకు ముప్పు ఎక్కడుందో చెప్పేదీ అదే. చాలాసార్లు ఆ రెండూ ఒకే చోట ఉంటాయి. మీరు అడిగిన అన్నిటికీ నా సమాధానం ఇక్కడి నుంచే మొదలవుతుంది.

టౌపోలో కలిసే ఏర్లు చాలా ఉన్నాయి. వాటిలో పెద్దది టొంగరిరో. దక్షిణపు కొసన తురంగి అనే ఊరి దగ్గర అది సరస్సులో కలుస్తుంది. ఏరు తెచ్చిన ఇసుక, తేలికపాటి అగ్నిపర్వతపు రాతిపొడి మొగ దగ్గర మేట వేస్తాయి. ఆ మేట అంచు దాటగానే లోతు ఒక్కసారిగా పెరుగుతుంది. ఏటి నీరు ఆ అంచు మీదుగా జారి సరస్సులోకి దిగుతుంది. ట్రౌట్ ఆ అంచు కింద, ప్రవాహానికి ఎదురుగా తల పెట్టి, కొట్టుకొచ్చే ఆహారం కోసం కాచుకుని ఉంటుంది. పైగా మీరు వెళ్లే జూన్ అక్కడ చలికాలం. గుడ్లు పెట్టడానికి ఏటిలోకి ఎదురీదే చేపలు మొగ దగ్గర గుంపుగా చేరే రోజులవి. చేపలకు మంచి సమయమే ఎంచుకున్నారు.

ఇప్పుడు అదే చోటును పడవ వైపు నుంచి చూడండి. మేట మీద లోతు లేదు. ఇంజను రెక్క ఇసుకను తాకితే పడవ ఆగిపోతుంది. గాలి సరస్సు మీద నుంచి ఏటికి ఎదురుగా వీచే రోజున, వచ్చే అలలు, పోయే ప్రవాహం ఢీకొని నిటారుగా లేస్తాయి. చిన్న పడవ పక్కకు తిరిగితే నీళ్లు లోపలికి వచ్చేస్తాయి. నడుములోతు నీళ్లలో నిలబడి గాలం విసిరేవాళ్లు కూడా అక్కడే ఉంటారు. వాళ్లను చూసి మీరు కూడా దిగాలనుకుంటే అంచుకు దూరంగా నిలబడండి. ఆ రాతిపొడి కాలి కింద నుంచి జారిపోతుంది.

ఇక నీళ్లు బయటికి పోయే చోటు. ఉత్తరాన టౌపో పట్టణం దగ్గర సరస్సు నుంచి వైకాటో నది మొదలవుతుంది. ఆ దేశంలో పొడవైన నది అదే. నదిలోకి వదిలే నీటిని గేట్లతో అదుపు చేస్తారు. అక్కడికి కొన్ని కిలోమీటర్ల దిగువనే హుకా జలపాతం ఉంది. సెకనుకు రెండు లక్షల లీటర్లకు పైగా నీరు ఇరుకైన రాతి కాలువలో ఒరుసుకుంటూ వచ్చి 11 మీటర్ల ఎత్తు నుంచి దూకుతుంది. ఒడ్డున నిలబడి చూస్తే చాలు, ఆ నీటిని తేలిగ్గా తీసుకోరు. పడవలు నిలిపే రేవు నది మొదలయ్యే చోటికి దగ్గరలోనే ఉంది కాబట్టి అక్కడ ఇంజను ఆగిపోతే ప్రవాహం మిమ్మల్ని ఎటు తీసుకుపోతుందో ముందే తెలిసి ఉండాలి. రేవు విడిచే ముందే లంగరు తాడు చిక్కు లేకుండా, చేతికి అందేలా పెట్టుకోండి. హెచ్చరిక బోర్డులు దాటి గేట్ల వైపు పడవ తిప్పవద్దు.

లంగరు మాట వచ్చింది కాబట్టి గట్టిగా చెబుతున్నాను. లంగరు ఎప్పుడూ పడవ ముక్కు నుంచే వేయాలి. ఇంజను ఉన్న వెనుక వైపు తక్కువ ఎత్తులో ఉంటుంది. అక్కడ తాడు కడితే ప్రవాహం ఆ వైపును కిందికి లాగి నీళ్లను లోపలికి తెస్తుంది. చేపలు బాగా పడే చోటు దొరికిందన్న తొందరలో వెనుక నిలబడినవాళ్లు ఉన్నచోటి నుంచే లంగరు జారవిడుస్తారు. మీ అల్లుడికి ఈ ఒక్క వాక్యం రెండుసార్లు చదివి వినిపించండి. తాడు కూడా లోతుకు కనీసం మూడు రెట్లు వదలాలి, గాలి ఉంటే ఇంకా ఎక్కువ.

పెన్నలో ఈదినవాడినని రాశారు. మీ ఈత మీద నాకు గౌరవం ఉంది. కానీ పెన్న నీళ్లు వెచ్చనివి. జూన్‌లో టౌపో నీరు 12 డిగ్రీల దగ్గర ఉంటుంది. అంత చల్లటి నీటిలో హఠాత్తుగా పడితే ఊపిరి మన అదుపులో ఉండదు. ఎగశ్వాసతో నోరు దానంతటదే తెరుచుకుంటుంది. ఆ క్షణంలో తల నీటిలో ఉంటే ఎంత ఈతగాడైనా మునుగుతాడు. ఆ మొదటి నిమిషం గడిచాక కూడా కొద్దిసేపట్లోనే వేళ్లు బిగుసుకుపోతాయి, తాడు పట్టుకునే శక్తి పోతుంది. లైఫ్ జాకెట్ అవసరం అందుకే. పడవలో ఉన్న ప్రతి మనిషికీ సరిపోయే జాకెట్ ఉండి తీరాలన్నది అక్కడి చట్టం. సీటు కింద పెట్టిన జాకెట్‌ను నీటిలో పడ్డాక తొడుక్కోవడం సాధ్యం కాదు. రేవులోనే తొడుక్కుని, పట్టీలు బిగించి, మళ్లీ రేవుకు వచ్చాకే విప్పండి. పడవ తిరగబడితే ఒడ్డు ఎంత దగ్గరగా కనబడినా ఈదబోకండి. పడవనే పట్టుకుని ఉండండి. వెతికేవాళ్లకు మనిషి తల కంటే పడవ ముందు కనబడుతుంది.

టౌపో 600 చదరపు కిలోమీటర్లకు పైగా పరుచుకున్న సరస్సు. గాలికి అడ్డు లేదు. పొద్దున అద్దంలా ఉన్న నీరు మధ్యాహ్నానికి అలలతో లేచిపోవడం నేను చూశాను. పడమటి తీరంలో చాలాచోట్ల నిలువు కొండ అంచులే ఉంటాయి, పడవ ఆపి దిగడానికి చోటు దొరకదు, ఫోన్ సిగ్నల్ కూడా నమ్మడానికి లేదు. కొత్తవాళ్లు అటు పోకుండా, గాలి ఏ వైపు నుంచి వస్తోందో ఆ వైపు ఒడ్డుకు దగ్గరగా, ఆ ఒడ్డు చాటున ఉండండి. ఇంధనంలో మూడో వంతు పోవడానికి, మూడో వంతు రావడానికి, మిగిలింది అనుకోనిదానికి. ఒడ్డుకు 200 మీటర్ల లోపల 5 నాట్ల వేగం దాటకూడదు. అంటే గంటకు 9 కిలోమీటర్లు. ఎటు వెళ్తున్నారో, ఎన్ని గంటలకు వస్తారో అమ్మాయికి చెప్పి వెళ్లండి. ఆ వేళ దాటితే ఎవరికి ఫోన్ చేయాలో కూడా చెప్పండి. అక్కడ అత్యవసర నంబరు 111.

చేపల సంగతి. టౌపోకు విడిగా లైసెన్సు తీసుకోవాలి. ఆ దేశంలో మిగతాచోట్ల చెల్లే లైసెన్సు ఇక్కడ చెల్లదు. మనలా వానపామునో రొయ్యనో గుచ్చడం కుదరదు. ఈకలతో, దారంతో కట్టిన కృత్రిమ ఎరలు, మెరిసే లోహపు ఎరలు వాడాలి. కొన్ని మొగల దగ్గర ఈకల ఎర తప్ప మరొకటి వేయకూడదు. ఏ హద్దు వరకు అన్నది లైసెన్సుతో వచ్చే నియమాలలో ఉంటుంది, ముందు రాత్రి కూర్చుని చదవండి. వదిలేయాలనుకున్న చేపను పొడి చేతులతో పట్టవద్దు, దాని ఒంటి మీది జిగురు ఊడిపోతుంది. చేతులు తడిపి, నీటిలోనే గాలం తీసి, ప్రవాహానికి ఎదురుగా పట్టుకుని అది తనంతట తాను కదిలేదాకా ఆగండి. పట్టిన ట్రౌట్‌ను అమ్మడం ఆ దేశంలో నేరం. అంగడిలో కొనాలన్నా దొరకదు. ఇంటికి తెచ్చి వండుకోవచ్చు, ఇరుగుపొరుగుకు పెట్టవచ్చు.

ఒక నీటిలో వాడిన పడవను, బూట్లను, వలను మరో నీటిలో దించే ముందు కడిగి పూర్తిగా ఆరబెట్టాలని అక్కడ గట్టిగా చెబుతారు. 2023లో వైకాటో నదిలో పరాయి జాతి ఆల్చిప్ప ఒకటి బయటపడింది. ఆ నది పుట్టే సరస్సులోకి దాన్ని మోసుకుపోయేవాళ్లు మీరు కాకూడదు.

చివరిగా, మొదటి రోజు సొంత పడవ దించకండి. ఆ సరస్సు తెలిసినవారి పడవలో ఒక పూట కూలి ఇచ్చి తిరగండి. చేపలు పడకపోయినా ఆ డబ్బు వృథా కాదు.

ప్రశ్న (అదే ఉత్తరంలో మాస్టారి శ్రీమతి రాసినది): ట్రౌట్‌తో మన నెల్లూరు చేపల పులుసు కుదురుతుందా?

జవాబు: కుదురుతుందమ్మా. మాంసం మెత్తన, కొర్రమీనులా తట్టుకోదు. ముక్కలు పెద్దవిగా కోయండి. చింతపండు పులుసు బాగా మరిగి చిక్కబడ్డాకే ముక్కలు వేయండి. గరిటె పెట్టకుండా గిన్నె పట్టుకుని తిప్పండి. జూన్‌లో అక్కడ పచ్చి మామిడి దొరకడం కష్టం. ఉత్త చింతపండు పులుసే చేసుకోండి, మర్నాటికి ఇంకా బాగుంటుంది.

ప్రశ్న: ట్రౌట్‌కు మంచి ధర పలుకుతుందని విన్నాను. మా కంభం చెరువులో పెంచవచ్చా? — కంభం పాఠకుడు

జవాబు: పెంచలేం. ట్రౌట్‌కు 20 డిగ్రీల లోపు నీరు కావాలి, అందులో ప్రాణవాయువు పుష్కలంగా ఉండాలి. 25 డిగ్రీలు దాటితే దాని ప్రాణానికే ముప్పు. మన దేశంలో అది కశ్మీర్, హిమాచల్, సిక్కిం వంటి చలి ప్రాంతాల్లోనూ, దక్షిణాదిన నీలగిరుల్లోనూ, మున్నార్ కొండల్లోనూ బతుకుతోంది. విజయనగర రాజుల కాలంలో గుండ్లకమ్మకు అడ్డంగా కట్టిన మీ చెరువు బొచ్చెకు, శీలావతికి, కొర్రమీనుకు చక్కగా సరిపోతుంది. ఉన్న చేపను బాగా చూసుకోండి.

ప్రశ్న: మాది అనంతసాగరం మండలం. డిగ్రీ చదివే మా అబ్బాయి స్నేహితులతో కలిసి సెలవు రోజుల్లో సోమశిల జలాశయంలోకి లారీ ట్యూబుల మీద, థర్మాకోల్ తెప్పల మీద చేపలకు వెళ్తున్నాడు. వద్దంటే ‘కదలని నీళ్లేగా’ అంటాడు. ఏం చెప్పాలి? — ఒక తల్లి

జవాబు: అమ్మా, మాస్టారికి రాసిన జవాబు మొదటి భాగం వాడికి చదివి వినిపించండి. తరువాత సోమశిల గురించి నేను చెప్పే ఈ సంగతులు చెప్పండి.

అది 78 టీఎంసీలు పట్టే జలాశయం. ఆ నీటి కింద పెన్న పాత పాయ అలాగే ఉంది. మోకాలి లోతులో నడుస్తూ ఆ పాయ గట్టు దాటితే అడుగు అందదు. ముంపు ఊళ్ల గోడలు, బావులు, చెట్ల మోళ్లు కూడా నీటి కిందే ఉన్నాయి. ట్యూబు చీలడానికి ఒక్క మోడు చాలు. జాలర్ల వలలు కూడా అక్కడే ఉంటాయి, కాలికి చుట్టుకుంటే ఈత పనిచేయదు. ఎగువన చెయ్యేరు పెన్నలో కలుస్తుంది. 2021 నవంబరు 19న చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు ఆ నీరంతా వచ్చింది సోమశిలకే. మన ఊరిలో చినుకు పడకపోయినా, ఎగువ వానలకు ఇక్కడ గేట్లు ఎత్తుతారు. అప్పుడు కదలని నీరనేది ఉండదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాడిని ఆ నీటిలోకి అసలు వెళ్లనివ్వకండి. కాలువకు నీరు వదిలే తూముల దగ్గరికి ఏ నెలలోనూ వెళ్లకూడదు.

2017 నవంబరు 12న విజయవాడ దగ్గర పవిత్ర సంగమం వద్ద పడవ తిరగబడి చనిపోయినవారిలో ఎక్కువమంది మన ఒంగోలు వాళ్లు. కార్తీక మాసంలో సరదాగా బయలుదేరిన పెద్దమనుషులు, కుటుంబాలు ఉన్నవాళ్లు. రెండు నీళ్లు కలిసే చోట, అనుమతి లేని పడవలో, పరిమితికి మించి ఎక్కారు. ఒంటి మీద జాకెట్లు లేవు. ఆ వార్త తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. ఎందుకంటే ఆ లోపాలన్నీ రేవులో నిలబడి కంటితో చూడగలిగినవే.

మీ అబ్బాయికి చేపల మీద ఇష్టం ఉండటం తప్పు కాదు. ఆ ఇష్టాన్ని పోగొట్టకండి. ట్యూబు, థర్మాకోల్ మాత్రం ఇంట్లో నుంచి తీసేయించండి. లైఫ్ జాకెట్ ఒకటి కొనివ్వండి, ఛాతీ కొలత, బరువు చూసి కొనాలి. తొడిగాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగితే గడ్డం మీదికి రాకూడదు. మీ పక్క ఊళ్లో మత్స్యకారుల సహకార సంఘం ఉంటే అక్కడి పెద్దలను కలిసి, వాళ్ల పడవలో వాడిని ఒక రోజు తీసుకెళ్లమని అడగండి. చేపల మీద హక్కు వాళ్లదే కాబట్టి అడిగి వెళ్లడం మర్యాద కూడా. పాత పాయ ఎక్కడుందో, ఏ మూల మోళ్లు ఉన్నాయో, గాలి ఏ వేళకు లేస్తుందో వాళ్లకు తెలిసినంతగా నాకు కూడా తెలియదు. ఆ తరువాత వాడు ఒడ్డు నుంచే గాలం వేసుకోవచ్చు. అదీ ఒంటరిగా కాకుండా, ఆ రోజు గేట్లు ఎత్తుతున్నారో లేదో జలాశయం సిబ్బందిని అడిగి తెలుసుకున్నాకే.