గడ్డల సంగతి తర్వాత, ముందు ఆ జ్వరం చూడండి

ప్రశ్న: మా చెల్లెలికి 29 ఏళ్లు. ఎనిమిది నెలలుగా తొడలు, చేతుల మీద చర్మం కింద గట్టి గడ్డలు వస్తున్నాయి. మొదట కొవ్వు గడ్డలన్నారు, తర్వాత టీబీ అనుమానంతో మందులిచ్చారు. జ్వరం వచ్చిపోతోంది. మెడికల్ షాపులో ఇచ్చిన ప్రెడ్నిసొలోన్ వేసుకుంటే తగ్గుతాయి, మానేస్తే మళ్లీ మొదలు. బయాప్సీలో ‘టి-సెల్ లింఫోమా అనుమానం’ అని వచ్చింది. తెల్లకణాలు 2,300, ప్లేట్‌లెట్లు 84 వేలు. ఆపరేషన్ చేసి గడ్డలు తీసేస్తే సరిపోతుందా?
– ఓ సోదరుడు, ఖమ్మం

జవాబు: సరిపోదు. ఇది లింఫోమానే (తెల్లకణాల్లో ఒక రకానికి వచ్చే క్యాన్సర్) అయితే ఒకచోట కోసి తీస్తే ఇంకోచోట వస్తుంది. అసలు నాకు కంగారుగా ఉన్నది మీరు చివర్లో రాసిన ఆ రెండు అంకెల గురించి. జ్వరంతో పాటు కణాలు పడిపోతున్నాయంటే హెచ్‌ఎల్‌హెచ్ మొదలైందేమో చూడాలి. అంటే రోగనిరోధక వ్యవస్థ అదుపు తప్పి సొంత రక్తకణాలనే మింగేయడం. టీబీ మందు రిఫాంపిసిన్ వల్ల కూడా ప్లేట్‌లెట్లు తగ్గొచ్చు కాబట్టి, మనిషిని చూడకుండా ఖాయంగా చెప్పను. ఫెరిటిన్, ట్రైగ్లిజరైడ్లు, ఫైబ్రినోజెన్, లివర్ పరీక్షలు, పొట్ట స్కాన్ వెంటనే చేయించండి. జ్వరం తగ్గకపోయినా, చిగుళ్ల నుంచి రక్తం వచ్చినా, కళ్లు పచ్చబడినా, మగతగా ఉన్నా రిపోర్టుల కోసం ఆగకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

‘అనుమానం’తో వైద్యం మొదలుపెట్టలేం. కొవ్వు పొరలో వచ్చే ఈ లింఫోమాల్లో ఆల్ఫా-బీటా, గామా-డెల్టా అని రెండు రకాలున్నాయి. 2008లో యూరప్ వైద్యులు 83 మంది వివరాలు పరిశీలిస్తే, ఐదేళ్ల తర్వాత బతికున్నవారు మొదటి రకంలో 82 శాతం, రెండో రకంలో 11 శాతం. అంత తేడా! మొదటిది, హెచ్‌ఎల్‌హెచ్ లేకపోతే, చాలామందిలో స్టెరాయిడ్, సైక్లోస్పోరిన్, మెథోట్రెక్సేట్ లాంటివాటితో అదుపులోకి వస్తుంది. రెండోదానికి గట్టి కీమో, లొంగితే దాత మూలకణాల మార్పిడి. ఏ రకమో తేలాలంటే కొవ్వు దాకా లోతుగా తీసిన ముక్క కావాలి. సూది పరీక్ష, పైపై ముక్క చాలవు.

ఇక ఆ ప్రెడ్నిసొలోన్. చీటీ లేకుండా ఎవరిచ్చారమ్మా అని అడిగితే ఎవరూ చెప్పరు. అది స్టెరాయిడ్, ఈ జబ్బు మీద పనిచేస్తుంది, చిక్కే అది. గడ్డ కరుగుతుంది, బయాప్సీలో కణాలు సరిగా దొరకవు, నెలలు గడిచిపోతాయి. అలాగని ఇవాళే మాన్పించేయకండి, ఇన్నాళ్లు వాడాక ఒక్కసారిగా ఆపితే బీపీ పడిపోవచ్చు. ఎంత డోసు, ఎన్నాళ్లు వాడారో దాచకుండా చెప్పండి, మాత్రల షీటు చూపించండి. టీబీ మందులు కూడా సొంతంగా ఆపొద్దు. ఏ ఆధారంతో మొదలుపెట్టారో ఆ కాగితం తీసుకెళ్లండి.

హైదరాబాద్‌లో నిమ్స్‌కో, ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికో వెళ్లేటప్పుడు రిపోర్టుతో పాటు బయాప్సీ స్లైడ్లు, మైనపు బ్లాకులు (తీసిన ముక్కను మైనంలో భద్రపరిచినవి) ల్యాబు నుంచి అడిగి తీసుకోండి. ఇవ్వనంటే ఊరుకోవద్దు.