చిన్నోడు కొత్త బడికి వెళ్లేలోపు

చి.సౌ. సుజాతకు పెద్దమ్మ ఆశీస్సులు.

జూన్‌లో చిన్నోడు ఆరో తరగతికి కొత్త బడిలో చేరుతున్నాడని, పుట్టుకతో చీలిన పై పెదవికి వేసిన కుట్టు మచ్చను చూసి పిల్లలు ఏమంటారోనని నీకు నిద్ర పట్టడం లేదని రాశావు. బడి తెరిచేలోపు చేయగలిగింది చాలా ఉందమ్మా.

ముందు నీ సంగతి. బిడ్డ పై పెదవి రెండు వైపులూ తల్లి కడుపులో 4 నుంచి 7 వారాల మధ్య కలుస్తాయి, కలవకపోతే చీలిక మిగులుతుంది. అప్పటికి నెల తప్పిన సంగతే చాలామందికి తెలియదు. గ్రహణం నాడు కూర తరిగావా లేదా అన్నదానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. ప్రపంచమంతటా సుమారు 700 కాన్పుల్లో ఒక బిడ్డ ఇలా పుడుతోంది. ఇంట్లో ఎవరైనా "గ్రహణం మొర్రి" అన్నప్పుడు నువ్వు తల దించుకుంటే, తన ముఖం ఇలా ఉండడం ఎవరిదో తప్పని వాడు లోపల రాసుకుంటాడు. ఆ మాటను అక్కడికక్కడే ఆపు.

మచ్చ పెద్దదైతే బాధ పెద్దది అనుకోకు. సన్నటి గీతకే కుంగిపోయే పిల్లలున్నారు, ముఖం సగం కాలినా ధైర్యంగా తిరిగేవాళ్లున్నారు. ఎవరైనా అడిగితే చెప్పడానికి మాట సిద్ధంగా ఉంటే పిల్లవాడికి సగం భయం తగ్గుతుంది. పద్దెనిమిదేళ్లకే ముఖం కాలిన జేమ్స్ పార్ట్రిడ్జ్ బ్రిటన్‌లో 1992లో ఛేంజింగ్ ఫేసెస్ అనే సంస్థ పెట్టాడు. వాళ్లు నేర్పేదీ ఇలాంటి సాధనే. ఏమైందో ఒక ముక్క, భయం లేదని ఒక ముక్క, ఆపైన మాట మళ్లించడం: "పుట్టినప్పుడే పెదవి చీలి ఉంది, ఆపరేషన్ చేసి కుట్టారు. ఇప్పుడు నొప్పేం లేదు. నీది ఏ సెక్షన్?"

రోజూ ఐదు నిమిషాలు ఆటలా చేయించు. ఒకరోజు నువ్వు ఊరికే అడిగే పిల్లవు, ఒకరోజు వెక్కిరించే పిల్లవు, ఒకరోజు పెళ్లిలో "అయ్యో పాపం" అనే ముసలమ్మవు. పాఠంలా అప్పజెప్పిస్తే మొదటి రోజే తడబడతాడు, కాబట్టి మాటలు వాడివే కావాలి. వైద్యం చరిత్రంతా చెప్పనక్కర్లేదు, జవాబు పొడుగైతే ప్రశ్నలూ పెరుగుతాయి. చెప్పాలనిపించకపోతే "ఇప్పుడు చెప్పాలని లేదు" అనే హక్కు కూడా వాడికుందని చెప్పు.

ఒకసారి అడగడం కుతూహలం. రోజూ వెక్కిరింపు పేరుతో పిలవడం వేధింపు, దాన్ని ఆపాల్సింది పెద్దవాళ్లు. బడి తెరిచే ముందే క్లాసు టీచర్ని కలువు. వాణ్ణి నిలబెట్టి క్లాసుకు ఉపన్యాసం ఇవ్వొద్దని, వెక్కిరింపు పేరు మొదటిసారి వినపడ్డప్పుడే ఆపమని అడుగు.

అంగిలి కూడా చీలి ఉంది కాబట్టి రెండు చూడాలి. ఈ పిల్లలకు చెవి లోపల నీరు చేరడం మామూలు. పలకకపోతే పరధ్యానమని తిట్టకముందు వినికిడి పరీక్ష చేయించు. మాట ముక్కులోంచి వస్తుంటే స్ట్రాలు, బూరలు ఊదించడం వల్ల బాగుపడదు. గాలి ఎక్కడ జారుతోందో స్పీచ్ థెరపిస్టు, సర్జన్ కలిసి చూడాలి. క్లాసులో గట్టిగా చదవడానికి భయపడేది చాలాసార్లు ఈ గొంతు గురించే, మచ్చ గురించి కాదు.

ఇంకో ఆపరేషన్ అయితే అందరూ స్నేహం చేస్తారని మాత్రం ఆశ పెట్టకు. ముక్కు సరిచేసేది సాధారణంగా ఎదుగుదల ఆగాకే. అప్పుడు కావాలో వద్దో వాణ్ణే అడగండి.

బడి ఉన్న పొద్దునే కడుపునొప్పి, నోటికి చెయ్యి అడ్డం, ఫొటోకు దూరం, అందరి ముందు తినకపోవడం, ఇవి రెండు వారాలు సాగితే సైకాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లు. చచ్చిపోవాలనుందని ఒక్కమాట అన్నా రెండు వారాలు ఆగొద్దు. ఆ రోజే డాక్టరుకు చూపించు, వాణ్ణి ఒంటరిగా వదలకు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

ఇట్లు,
పెద్దమ్మ