నువ్వు లైటు పట్టు

విజయనగరం,
ఆదివారం రాత్రి

నాయనా,

నీ కథ అందింది. మొన్న ఒకసారి చదివాను, ఇవాళ రెండుసార్లు. మూడోసారి చదివింది మాత్రం కోపంతో.

ముందు ఆ కోపం సంగతి తేల్చేద్దాం. మూడో పేజీలో నీ కుర్రాడు యెజ్దీ రోడ్‌కింగ్ మోటారుసైకిల్ ఎక్కి 'కుడికాలితో బలంగా కిక్కు కొట్టాడు' అని రాశావు. యెజ్దీకి కిక్కు ఎడమవైపు ఉంటుంది. పైగా కిక్కు రాడ్డూ గేరు రాడ్డూ ఒకటే. లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్కు, మళ్ళీ కిందికి దించితే గేరు. ఆ బండి మీద ఒక్కసారి ఊరు దాటినవాడెవడూ ఈ మాట మర్చిపోడు. మైసూరులో ఆ ఫ్యాక్టరీ 1996లో మూతపడింది, నీకు తెలియకపోవడం తప్పేమీ కాదు. కానీ ఆ బండి మీ పెరట్లోనే ఉందని, నువ్వూ నీ స్నేహితుడూ కలిసి బాగు చేస్తున్నారని ఉత్తరంలో నువ్వే రాశావు. అతన్ని అడగడానికి ఏమొచ్చింది?

ఐదో పేజీలో 'ఇంజన్ ఆయిల్ మార్చారు' అన్నావు. టూ స్ట్రోకు ఇంజనులో మార్చడానికి ఆయిలెక్కడుంటుంది? పెట్రోల్లోనే కలిపి పోస్తారు. గేర్‌బాక్సు ఆయిల్ అని నీ ఉద్దేశమైతే ఆ మాటే రాయి.

చిన్న తప్పులకి ఈ ముసలాడికి ఇంత చాదస్తమేంటి అనుకుంటావు. అనుకో. నీ కథలో ఆ స్నేహితుడి కిడ్నీ జబ్బు గురించి ఆరు పేజీలున్నాయి, పని గురించి ఎనిమిది వాక్యాలున్నాయి. వాటిలో రెండు తప్పు. నా కోపం అక్కడ.

ఒక్కచోట మాత్రం ఆగిపోయాను. అతను నీ వేలు పట్టుకుని తన చేతి ఫిస్టులా మీద ఆనించి 'చూడు, ఐడిలింగ్ బానే ఉంది' అంటాడు చూడు, అది బాగుంది. అది నువ్వు కల్పించిన మాట కాదు, అతనే అని ఉంటాడు. నువ్వే కల్పించి ఉంటే దాని విలువ తెలిసేది, వెనకాలే 'నా గుండె బరువెక్కింది' అని తగిలించేవాడివి కాదు. ఆ వాక్యం కొట్టెయ్యి.

ఇంజను నిలకడగా ఆడుతున్నట్టు వేలికి తగిలే ఆ అదురేమిటో పాఠకుడికి తెలియాలి కదా. ఫిస్టులా అంటే సిరని ధమనితో కలిపి కుట్టిన చోటు, అక్కడ చర్మం కింద జుమ్మంటూ ఉంటుంది. డయాలసిస్‌కి వెళ్ళేవాళ్ళు పొద్దున్న లేస్తూనే అక్కడ వేలు పెట్టి చూసుకుంటారు. ఆ జుమ్ము ఆగితే ఆ రోజే ఆసుపత్రికి పరిగెత్తాలి. ఆ చేతికి బి.పి. పట్టీ కట్టనివ్వరు, ఆ చేత్తో బరువులు ఎత్తనివ్వరు. మరి నాలుగో పేజీలో అతను సరిగ్గా ఆ చేత్తోనే ఇంజను ఎత్తి బల్ల మీద పెట్టాడు! రెండో పేజీలో మేనమామ బొండాం కొట్టిస్తే గటగటా తాగేశాడు. కొబ్బరినీళ్ళ నిండా పొటాషియం, కిడ్నీలు పోయినవాడికి గుండె మీదికి వస్తుంది. ఆఖరి పేజీలో ఎలాగూ చంపబోతున్నావు, అంతదాకా ఆగలేకపోయావా? ఉద్దానంలో, కొబ్బరితోట మధ్య పుట్టినవాడు చేతికొచ్చిన బొండాన్ని పక్కవాడికి ఇచ్చేస్తే, అదొక్కటి చాలు. నువ్వు 'విధి' అని మూడుసార్లు రాయక్కర్లేదు.

ఇంకో సంగతి నీ చేతిలో ఉండి కూడా నీకు కనపడలేదు. డాక్టరు అతనికి రోజుకు 750 మి.లీ. నీళ్ళు అన్నాడు, టీ, మజ్జిగ అన్నీ కలిపి. వాళ్ళమ్మ పొద్దున్నే సీసాలో కొలిచి పెడుతుంది. అదే మనిషి సాయంత్రం లీటరు పెట్రోలుకి 40 మి.లీ. చొప్పున ఆయిల్ కొలిచి కలుపుతాడు. తగ్గితే పిస్టన్ పట్టేస్తుంది, ఎక్కువైతే ప్లగ్గు మసిబారి పొగ కక్కుతుంది. సీసాని కంటి ఎత్తుకి లేపి గీత చూసే ఆ చూపు అతనికి పొద్దుటి నుంచీ అలవాటే. ఈ రెండు కొలతలూ పక్కపక్కన పెట్టు. పోలిక మాత్రం చెప్పకు. చెప్పావో, కథ చిరిగి నా దగ్గరికే తిరిగొస్తుంది.

వారం లెక్క కూడా చూసుకో. సోమ, బుధ, శుక్రవారాలు డయాలసిస్ మెషీను, ఒక్కోసారి నాలుగు గంటలు. అంటే శుక్రవారం తర్వాత మళ్ళీ సోమవారం దాకా లేదు. సోమవారం పొద్దుటికి ఒంట్లో నీరు చేరి కాళ్ళు పొంగి ఆయాసంగా ఉంటాడు. నువ్వు ఆ పొద్దున్నే అతనిచేత టైర్లు ఊడదీయించావు. బండి పని మంగళ, గురు, శనివారాల్లో పెట్టుకో. ఇది ఏ సంవత్సరం కథో కూడా తేల్చు. తిత్లీ తుపానుకి కొబ్బరిచెట్టు పడి ట్యాంకు సొట్టపోయిందన్నావు, అది 2018 అక్టోబరు, బాగుంది. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రీ, వంశధార నీళ్ళ పథకమూ మొదలైంది 2023 డిసెంబరులో. కథ దానికి ముందా, తర్వాతా? దాన్ని బట్టి అతని రోజే మారిపోతుంది. ఉద్దానంలో ఆ కిడ్నీ జబ్బుకి కారణం ఫలానా అని ఇప్పటికీ తేలలేదు. 'నీళ్ళలోనే ఉందిరా విషం' అని వాళ్ళమ్మ అంటే అననీ. కథ చెప్పేవాడివి నువ్వు మాత్రం తీర్పు చెప్పకు.

ఇప్పుడు నా సంగతి. 1986లో ఇక్కడ గంటస్తంభం దగ్గర ఒక ప్రెస్సులో నా స్నేహితుడు కంపోజిటరు. సీసం అక్షరాలు ఏరి పేర్చేవాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళకి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ఇక ప్రెస్సు లేదు. ఇంట్లో గోడకి ఆనించి వాళ్ళ నాన్న రాజ్‌దూత్ బండి ఉండేది, తుప్పు పట్టి. దాన్ని లేపుదామన్నది నేనే. వాడికి కాలక్షేపం అవుతుందని. చూడు, ఎంత నీచమైన మాటో.

మొదటి నెలంతా పని నేనే చేశాను. వాడు ఎడమచేత్తో స్పానర్ పట్టుకుంటే జాలిపడి లాగేసుకునేవాణ్ణి. దానిమ్మపళ్ళు తీసుకెళ్ళేవాణ్ణి. ఒకరోజు పాయింట్లు సరిచేయాలి, అంటే ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టడానికి తెరుచుకుని మూసుకునే ఆ రెండు లోహపు బిళ్ళల మధ్య సందు. ఆ సందు కొలిచే సన్నటి రేకు, ఫీలర్ గేజ్, లేదు. నేను కంటి అంచనాతో బిగించేస్తుంటే వాడు గట్టిగా అరిచాడు. 'ఒరే, నా చెయ్యి పడిపోయింది గానీ తలకాయ పడిపోలేదు. నువ్వు లైటు పట్టు.'

గెడ్డం గీసుకునే బ్లేడ్లు నాలుగు తెమ్మన్నాడు. ఒక్కోటి 0.1 మి.మీ. మందం, నాలుగూ కలిపితే 0.4 మి.మీ. దరిదాపు. వాటిని ఎడమచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య అదిమి, పాయింట్ల మధ్యలో దూర్చి, రానూ పోనూ లాగి చూశాడు. మరీ బిగువు కాకూడదు, వదులూ కాకూడదు. స్క్రూ నన్ను తిప్పమన్నాడు, వెంట్రుకవాసి. 'ఇంకా. ఆఁ. వెనక్కి. కొంచెం వెనక్కన్నాను, బొబ్బిలి దాకా కాదు.' పద్దెనిమిదేళ్ళు లైన్ల మధ్య సన్నటి సీసం రేకులు దూర్చిన వేళ్ళవి. గంటన్నర పట్టింది. నేను టార్చి పట్టుకుని నిలబడ్డాను, దోమలు పీక్కుతిన్నాయి. మర్నాటినుంచి పళ్ళు తీసుకెళ్ళడం మానేశాను. నాలుగు నెలలు లైటు పట్టాను, తిట్లు తిన్నాను. వాడి మొహంలోకి రంగొచ్చింది ఆ తిట్లవల్లే.

దాన్ని కథ రాసి ఒక వారపత్రికకి పంపితే సంపాదకుడు తిప్పి పంపాడు. 'ముగింపు బలంగా లేదు, పాత్ర మరణిస్తే పాఠకుడు కదిలిపోతాడు' అన్నాడు. కుర్రతనం, అచ్చు మీద ఆశ. చంపేశాను. బండి స్టార్టయిన క్షణానే వాడి ప్రాణం పోయినట్టు రాశాను. అచ్చయింది, 75 రూపాయలు మనియార్డరు వచ్చింది. పైగా ఆయనగారు 'పాయింట్లు' కొట్టేసి 'విద్యుత్ సంధులు' అని దిద్దాడు. వీధి చివర మెకానిక్కు చదివి, ఇవెక్కడుంటాయి మేష్టారూ అని అడిగాడు.

నా స్నేహితుడూ చదివాడు. నేను వెళ్ళేసరికి పత్రిక మడిచి ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు. 'నా దినం భోజనానికి ఎవరెవర్ని పిలిచావురా?' అన్నాడు.

ఆ తర్వాత పదకొండేళ్ళు బతికాడు. వాళ్ళ పిల్ల పెళ్ళి చేశాడు. నేను కనపడితే చాలు, కొత్తవాళ్ళెవరైనా ఉంటే 'నన్ను 75 రూపాయలకి చంపింది వీడే' అని పరిచయం చేసేవాడు.

నీ స్నేహితుడు బతికే ఉన్నాడని, మొన్న శనివారం కార్బొరేటర్ కడిగాడని నీ ఉత్తరంలోనే రాశావు. మరి కథలో ఎందుకు చంపావు? నిన్ను ఏ సంపాదకుడూ అడగలేదే. ఇప్పుడు కథల పోటీలకి ఇదొక అలవాటైపోయింది. ఉత్తరాంధ్ర కథ అంటే ఒక చావు, ఒక వలస, నాలుగు 'ఓలమ్మా'లు. శ్రీకాకుళం వెళ్ళు, 1997లో కారా మాస్టారు, అదే కాళీపట్నం రామారావుగారు, పెట్టిన కథల గ్రంథాలయం కథానిలయంలో ఓ వారం కూచో. రోగి ఆఖరి పేజీలో పోయే కథలు ఎన్నున్నాయో లెక్కపెట్టి నాకు రాయి.

యాస గురించి కూడా ఇక్కడే అనేస్తాను. నీ కథలో వాళ్ళమ్మ ఒక్కర్తే మీ ఊరి మాట మాట్లాడుతుంది. మీ ఇద్దరూ రేడియోలో వార్తలు చదువుతున్నట్టు మాట్లాడుకుంటారు. గ్రీజు చేతులతో కూచున్న ఇద్దరు కవిటి కుర్రాళ్ళు 'నీవు అలసిపోయావా మిత్రమా' అనుకుంటారా? 'ఏట్రా, నీరసంగా ఉందేటి' అంటావు నువ్వు. వాడుకభాష కోసం పోరాడిన గిడుగువారు పుట్టిన జిల్లావాడివి, సిగ్గుపడు.

కలం పేరు గురించి అడిగావు, ఏ పత్రికకి పంపాలనీ అడిగావు. కథ కుదిరాక చూద్దాం. ఇంకేదో కూడా అడిగినట్టున్నావు, ఆ కాగితం కనపడటం లేదు.

ఈ వారం నువ్వు చేయాల్సిన పని ఒకటుంది. నీ కథ తీసుకెళ్ళి అతనికి పైకి చదివి వినిపించు. డయాలసిస్ రోజు వద్దు, అలిసిపోయి ఉంటాడు. మంగళవారం వెళ్ళు, బండి పక్కన కూచోబెట్టి చదువు. చావు దాకా చదువు, దాటెయ్యకు. ఎక్కడ నవ్వాడో, ఎక్కడ బూతు తిట్టాడో పక్కన పెన్సిల్‌తో గుర్తు పెట్టు. ఆ గుర్తులున్న ప్రతి నాకు పంపు, శుభ్రంగా తిరగరాసింది కాదు.

అలాగే ఒక మాట అడిగి రాయి. ఆ రోడ్‌కింగ్ పాయింట్లకి గ్యాప్ దేనితో పెడుతున్నాడు? గేజ్ కొన్నాడా, బ్లేడ్లా?

ఉంటాను.